అత్త చేతి మీద మూడు చుక్కలు

సుంగై సిపుట్‌లో ఇల్లు ఖాళీ చేసి కొడుకు దగ్గరికి వెళ్ళిపోతూ మా తమ్ముడు అప్పన్న నాకొక బిస్కెట్ల డబ్బా పంపాడు. వాడి మనవరాలు షామిని ఇక్కడ క్లాంగ్‌లోనే కాలేజీలో చదువుతోంది. సెలవులకు ఊరెళ్ళి వస్తూ ఆ డబ్బాను బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. "పాటీ, తాత ఇచ్చినారు. లోపల ఏటో గలగలమంటాది లా," అని నా వంటింటి బల్ల మీద పెట్టి, నేనిచ్చిన టీ సగం తాగి, ఫోను చూసుకుంటూ వెళ్ళిపోయింది. మా ఇళ్ళలో ఇప్పటి పిల్లలు నాయనమ్మ వరసవాళ్ళనైనా అమ్మమ్మ వరసవాళ్ళనైనా అరవంలో పాటి అనే అంటారు, మాట చివర ఇక్కడి 'లా' ఒకటి తగిలిస్తారు. నేను దిద్దడం మానేశాను. దిద్దితే వచ్చే నాలుగు ముక్కల తెలుగు కూడా మానేస్తారేమోనని భయం.

అది నలుచదరపు రేకు డబ్బా. ఒకప్పుడు పైన బొమ్మ ఉండేది, ఇప్పుడంతా తుప్పు. మూత చెంచాతో లేపితే ముందు వాసన వచ్చింది. కొబ్బరినూనె, పాత గుడ్డ, అన్నిటికీ అడుగున రబ్బరు పాల పుల్ల కంపు. ఇన్నేళ్ళుగా మూసి ఉన్న డబ్బాలో ఆ కంపు అలాగే ఉండడం చూసి కుర్చీ లాక్కుని కూర్చున్నాను. లోపల రబ్బరు చెట్టు గీసే కత్తి ఒకటి, ఒక దండలా గుచ్చిన పిన్నీసులు, ఎర్ర రంగు గుర్తింపు కార్డు, దాని మీద మా నరసమ్మత్త ముఖం. అన్నిటి కిందా నాలుగు మడతలు పెట్టిన వార్తాపత్రిక కాగితం. దాన్ని విప్పి చూశాక ఆ పూట నేను పొయ్యి వెలిగించలేదు. అందులో ఏముందో చెప్పాలంటే ముందు అత్త సంగతి చెప్పాలి.

నరసమ్మత్త మా నాన్నకు అక్క. అప్పన్నను కని మా అమ్మ పోయిన రోజు నుంచీ మమ్మల్నిద్దరినీ ఆవిడే పెంచింది. పెళ్ళయిన రెండేళ్ళకే భర్త పోతే తమ్ముడి ఇంటికి వచ్చేసిందట; అప్పటికి నేనింకా పుట్టలేదు. రబ్బరు ఎస్టేటులో కూలీల ఇళ్ళ వరసలను లైన్లనేవారు; వాటిలో మా ఇల్లు చివరి నుంచి రెండోది. అత్త నాలుగింటికి లేచేది. పొయ్యి మీద నల్ల కాఫీ మరుగుతుండగా గడప మీద కూర్చుని మోచేతుల దాకా కొబ్బరినూనె రాసుకునేది. నూనె పట్టిన చేతి మీద రబ్బరు పాలు ఆరితే తోలులా ఊడివస్తాయి. సాయంత్రం ఆవిడ చేతుల మీంచి ఆ సన్నటి పొరలు వలవడం నా పనీ అప్పన్న పనీ. వాటిని చుట్టి చుట్టి బంతి చేసేవాళ్ళం. నేల మీద కొడితే ఇంటి కప్పు దాకా ఎగిరేది. అత్త ఎడమ చేతి మీద, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య, మూడు పచ్చబొట్టు చుక్కలు ఉండేవి. చిన్నతనంలో వాళ్ళమ్మ సూదితో, దీపం మసితో, ఏదో ఆకు పసరుతో పొడిచిందట. అవి విశాఖపట్నం వైపు అలవాట్లు. ఓడ దిగి ఈ మలాయ్ దేశం వచ్చినవాళ్ళు ఊరి నుంచి ఇంకేం తెచ్చుకోలేకపోయినా చేతి మీద ఇది తెచ్చుకున్నారు, పిల్లలకూ పొడిచారు. నా చేతికీ పొడుస్తానంటే నేను ఏడ్చి ఒప్పుకోలేదు.

నేను ఎస్టేటు అరవ బడిలో ఆరో తరగతి దాకా చదివాను. తర్వాత అప్పన్నను చూసుకోవడం, మొక్కల పాకలో నీళ్ళు పోయడం. చదువు ఆగింది కానీ చదవడం ఆగలేదు. గుడి పక్క షెడ్డులో ఆదివారాలు ఒక పెద్దాయన తెలుగు అక్షరాలు చెప్పేవాడు, అవి పట్టుకున్నాను. టౌన్లో ప్రభుత్వ లైబ్రరీ ఉందని పదమూడో ఏట తెలిసింది. నాన్న సైకిలు తీసుకుని వారానికోసారి వెళ్ళేదాన్ని. అక్కడ కూర్చునే మలాయ్ ఆవిడ నా మట్టి కాళ్ళ వంక చూసి మొదటి రోజు గుమ్మంలోనే ఆపింది. మూడో వారానికి తన పక్కన కుర్చీ వేసింది. విజ్ఞాన సర్వస్వం మొదటి సంపుటం నుంచి వరసగా చదివాను. రబ్బరు చెట్టు ఈ దేశంది కాదనీ, దక్షిణ అమెరికా నుంచి విత్తనాలుగా వచ్చిందనీ లైన్లలో అందరికంటే ముందు నాకే తెలుసు. ఆ సంగతి చెబితే అత్త కత్తి పక్కన పెట్టి, "మనలాగే ఓడెక్కొచ్చినాదన్నమాట," అంది. మలాయ్ నిఘంటువులో రోజుకు పది మాటలు, ఇంగ్లీషు నిఘంటువులో పది మాటలు ఎత్తి రాసుకునేదాన్ని. ఎస్టేటులో బజారు మలాయ్ అందరికీ వచ్చు. టీవీలో మాట్లాడే మలాయ్ మాత్రం నాకొక్కదానికే పూర్తిగా అర్థమయ్యేది. నాకు గర్వం ఉండేది. ఇప్పుడూ ఉంది, దాచుకోను.

లైన్లలో ఉన్న ఒక్క టీవీ, లారీ డ్రైవరు సింహాచలం మావయ్యది. ఆయన దాన్ని కిటికీలో బయటికి తిప్పి పెడితే మేమంతా గడ్డిలో చాపలు వేసుకుని కూర్చునేవాళ్ళం. బొమ్మ మీద ఎప్పుడూ చీమలు పాకుతున్నట్టుండేది, కొండ అడ్డం. ఏడాదికోసారి టీవీ బహుమతుల పండగ వచ్చేది. ఆ ఏడు వచ్చిన నాటకాల్లో ఏది మంచిది, ఎవరు బాగా నటించారు, ఎవరు బాగా నవ్వించారు, వార్తలు ఎవరు బాగా చదివారు అని కవర్లు చింపి పేర్లు చదివి బహుమతులు ఇచ్చేవారు. జరీ బట్టల్లో ఆడామగా మెట్లెక్కి వచ్చేవారు. మాకు దీపావళి తర్వాత అంత సందడి అదే. ఎవరు గెలుస్తారో ముందే చెప్పి పందెం కట్టుకునేవారు. ఓడినవాళ్ళు మర్నాడు గెలిచినవాళ్ళ పాల బకెట్లు తూకం పాక దాకా మోయాలి. నేను చాప మీద మధ్యలో కూర్చుని, వేదిక మీద అన్న ప్రతి మాటా తెలుగులో చెప్పేదాన్ని. జోకు చెప్పగానే అక్కడ హాల్లో నవ్వేవారు, నేను చెప్పాక ఇక్కడ గడ్డిలో నవ్వేవారు.

అయితే ఆ పండగ చివరి దాకా మేమెన్నడూ చూడలేదు. ఎస్టేటుకు కరెంటు ఇచ్చేది డీజిలు ఇంజను. నాలుగింటికి లేవాల్సిన జనమని దాన్ని తొమ్మిదిన్నరకు ఆపేసేవారు. ఉత్తమ నటి బహుమతి ఆఖర్న ఇస్తారు. కాబట్టి అది ఎవరికి వచ్చిందో మర్నాడు నేను సైకిలు మీద టౌనుకు వెళ్ళి, లైబ్రరీలో పేపరు చదివి వచ్చి చెబితేనే లైన్లకు తెలిసేది. అలా అది నా ఉద్యోగమైంది. తోట దారిలో కల్వర్టు దగ్గర నా కోసం కాసుకుని ఉండేవారు.

నాకు పదహారేళ్ళప్పుడు టీవీవాళ్ళు మా ఎస్టేటుకే వచ్చారు. రబ్బరు తోటలో పనిచేసే ఒక మలాయ్ ఇల్లాలి కథ తీయడానికి. ఇల్లాలి వేషం వేసినావిడ అప్పటికే పేరున్న నటి. ఆవిడ పేరు నేనిక్కడ రాయను. అత్త కూడా ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు, "నా సిస్యురాలు" అనేది. ఎందుకంటే చెట్టు గీయడం నేర్పే పని మండోరు అత్తకు అప్పగించాడు. మండోరంటే మా గుంపు పని చూసే పెద్ద. మొదటి రోజే ఆ నటి కత్తి లోతుగా దించి బెరడు దాటి కొయ్యకు గాటు పెట్టింది. చెట్టుకు అది పుండు, మళ్ళీ అక్కడ పాలు రావు. మండోరు తల పట్టుకున్నాడు.

"ఓలమ్మో, సెట్టుని సంపేత్తాది! దొర సూత్తే నన్నూ గీసేత్తాడు," అన్నాడు.

"నువ్వు ఊరుకో బావు. కొత్త సెయ్యి," అని అత్త ఆవిడ వెనక నిలబడి రెండు చేతులూ పట్టుకుంది. "ఇలగ. ఒల్లు నిమిరినట్టు. పైడీ, ఆయమ్మకి సెప్పు, కోపంగా గీత్తే సెట్టు పాలివ్వదని."

నేను మలాయ్‌లో చెప్పాను. ఆవిడ నవ్వి, అత్తను "కాక్" అంది. అంటే అక్క. మూడు రోజులు నేర్చుకుంది, అయినా చెయ్యి వణికేది. చివరికి డైరెక్టరు, చేతులు దగ్గరగా చూపించే చోట అత్త చేతులు తీద్దామన్నాడు. రంగు ఒకటే, సన్నదనం ఒకటే. అత్తకు ఆవిడ రవికె తొడిగారు. ముస్లిం ఇల్లాలి చేతి మీద పచ్చబొట్టు ఉండకూడదని మూడు చుక్కల మీదా పౌడరు మెత్తారు. తోటలో పొద్దున్నే ఉక్కపోత. రెండో చెట్టుకే చెమటకు పౌడరు కారిపోయింది. ఎండెక్కితే పొద్దుటి వెలుతురు పోతుందన్న హడావిడిలో వాళ్ళు గమనించకుండానే తీసేశారు. అత్త గమనించింది. ఇంటికి వస్తూ దారంతా ఆ చెయ్యి చూసుకుంది.

నాటకం టీవీలో వచ్చిన రోజు లైన్లు లైన్లన్నీ సింహాచలం మావయ్య కిటికీ ముందున్నాయి. చేతులు రాగానే పెద్ద గోల. "మొకం ఆయమ్మది, సేతులు మన నరసమ్మయి! జీతం ఎవులికిచ్చినారే?" అని మండోరు భార్య సూరమ్మ నవ్వింది. అత్త నా భుజం నొక్కి, "సుక్కలు అగుపడ్డాయేటే?" అని మెల్లగా అడిగింది. చీమలు పాకే ఆ బొమ్మలో చుక్కలేం కనబడతాయి? చేతులే మసగ్గా ఉన్నాయి. లేదన్నాను. "పోన్లే," అంది.

ఆ ఏడు బహుమతుల పండగలో ఉత్తమ నటి వరసలో ఆవిడ పేరు ఉందని నేనే లైబ్రరీలో చదివి వచ్చి చెప్పాను. అప్పటి నుంచీ అత్త వేరే మనిషి. తన కోసం ఏదీ అడగని మనిషి ఇంజను తిప్పే ముసలాయన దగ్గరికి ఆకులో బూరెలు పట్టుకెళ్ళి ఆ రోజు పది నిమిషాలు ఎక్కువ తిప్పమని అడిగింది. బంగళాలో దొరకు ఇంజను చప్పుడు వినపడుతుంది, నా పని పోతుంది, అయిదు నిమిషాలు చూస్తానన్నాడట. మాట నిలబెట్టుకున్నాడు. ఆ అయిదు నిమిషాల్లోనే ఉత్తమ నటి వరస మొదలైంది. ఒక్కొక్కరి పేరూ చదివి, నాటకంలోంచి చిన్న ముక్క చూపించారు. లాయరు వేషం వేసిన ఒకావిడ, కళ్ళజోడుతో. తర్వాత మా తోట. చెట్టు, కత్తి, అత్త చేతులు. అత్త ముందుకు వంగింది. ఆ క్షణాన కిటికీ నల్లగా అయిపోయింది. దూరంగా ఇంజను దగ్గుతూ ఆగింది. చీకట్లో అందరూ కేకలేశారు, పిల్లలు ఈలలు వేశారు. అత్త మాత్రం చాప దులిపి చుట్టి, "పైడీ, రేపు బేగి ఎల్లు," అంది.

మర్నాడు లైబ్రరీ తలుపు తీసేసరికి గుమ్మంలో ఉన్నాను. పేపర్లు మలాయ్, అరవం, ఇంగ్లీషు, మూడు భాషల్లో వస్తాయి. మూడూ చదివాను, ఒకదాంట్లో పొరపాటు పడి ఉండకూడదా అని. మూడింటిలోనూ ఒకటే రాశారు. లాయరు వేషం వేసిన కళ్ళజోడావిడ గెలిచింది. అత్త శిష్యురాలి గురించి ఒక వాక్యం కూడా లేదు. మలాయ్ పేపర్లో గెలిచినవాళ్ళందరి ఫొటోలూ వరసగా వేశారు, చేతుల్లో బహుమతి బొమ్మలతో. అవి చూశాను. చూసి పేజీ తిప్పాను.

తిరుగుదారిలో ఎలా చెప్పాలో మాటలు కూర్చుకుంటూ తొక్కాను. పోటీలో పేరు రావడమే గొప్ప, వచ్చే ఏడు చూద్దాం, అలాంటివి. కల్వర్టు దగ్గర ఆ రోజు అత్త ఒక్కతే ఉంది. కావడి బకెట్లు ఇంకా భుజం మీదే ఉన్నాయి. తూకం పాకకు కూడా వెళ్ళకుండా నిలబడిపోయింది. నన్ను చూసి ఒక అడుగు ముందుకు వేసింది. ముఖం అడిగింది. నా నోట్లోంచి "గెలిచినాది అత్తా," అని వచ్చింది.

ఒక్క మాటతో ఆగి ఉంటే సరిపోయేది. ఆవిడ బకెట్లు మెల్లగా కింద పెట్టి, "మెట్లెక్కి ఏటన్నాది?" అని అడిగింది. అప్పుడు నా చదువంతా పైకి వచ్చింది. ఆవిడ మెట్లెక్కిందనీ, మైకు ముందు కళ్ళు తుడుచుకుందనీ, ఈ బహుమతిలో సగం నాకు కత్తి పట్టడం నేర్పిన తోటలోని అక్కది, కోపంగా గీస్తే చెట్టు పాలివ్వదని ఆమె చెప్పింది, అది నా బతుక్కంతటికీ పనికొచ్చే మాట అందనీ చెప్పాను. పుస్తకాల్లో చదివిన ఉపన్యాసాల ఎత్తుగడలన్నీ అందులో పెట్టాను. అత్త విన్నంతసేపూ కుడిచేత్తో ఎడమ చేతి చుక్కల మీద రాసుకుంటూ ఉంది. చివర్న, "నా మాట గుర్తెట్టుకున్నాదే," అంది.

వారం రోజులు లైన్లలో ఎక్కడ విన్నా అదే కథ. అత్తతో కట్టిన పందెం ఓడినట్టయి సూరమ్మ ఆవిడ బకెట్లు మోసింది. నాకు భయం వేసేది. టౌనుకు వెళ్ళేది నేనొక్కదాన్నే, చదివేది నేనొక్కదాన్నే, ఇక ఎవరికి తెలుస్తుందని సర్దుకున్నాను. మూడో వారమో నాలుగో వారమో పంపు దగ్గర సూరమ్మ అత్తను పట్టుకుంది. నేను పక్కనే బట్టలు జాడిస్తున్నాను.

"ఏటే నరసమ్మా, మా అన్న ఈపో పట్నంలో టీవీ ఆకర్దాకా సూసినాడట. గెలిసింది కళ్ళద్దాలావిడంట. నీ సిస్యురాలు కాదంట. నాసేత బకెట్లు మోయించినావు కదే!"

అత్త బిందె నిండేదాకా చూసి, పంపు కట్టి, చాలా తాపీగా అంది: "మా పైడి మూడు పేపర్లు సదివింది. మీ అన్నకి సంతకం వొచ్చేటి?"

చుట్టూ ఉన్నవాళ్ళు ఘొల్లుమన్నారు. సూరమ్మ అన్నకు నిజంగానే వేలిముద్ర. ఆ సంగతి అక్కడితో ముగిసింది. అత్త బిందె చంకనెత్తుకుని నా వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయింది. నమ్మకమంటే ఇంత ఉంటుందా అని నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఆ రోజే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఆ తర్వాత ఏటేటా బహుమతుల పండగ దగ్గర పడగానే, గడప మీద నూనె రాసుకుంటూ, "పైడీ, ఆ యేడు నా సిస్యురాలు ఏటన్నాదో ఇంకోపాలి సెప్పు," అనేది. నేను చెప్పేదాన్ని. ఏ మాటైనా తప్పితే, "కాదే, ముందల కల్లు తుడుసుకున్నాది, తరవాత మాటాడినాది," అని సర్దేది.

ఎస్టేటు వదిలి నేను పోర్ట్ క్లాంగ్ గోదాములో పనికి వచ్చాను. నాలుగు భాషలు చదవగలనని సరుకు చీటీలు చూడడానికి తీసుకున్నారు. పెళ్ళి చేసుకోలేదు, దాని గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. అత్తను ఆఖరుసారి చూసింది సుంగై సిపుట్ బస్‌స్టాండులో. అప్పటికే ఆవిడకు ఒంట్లో బాగాలేదు, అయినా నన్ను ఎక్కించడానికి వచ్చింది. ఇప్పుడు చెప్పకపోతే మళ్ళీ చెప్పలేనని ధైర్యం చేసి, "అత్తా, అప్పటి ఆ బహుమతి సంగతి నీకో మాట సెప్పాల," అన్నాను. ఆవిడ నా చేతిలో ఎండు నెత్తళ్ళ చేపల పొట్లం పెట్టి, "బస్సు ఎల్లిపోతాది. ఎక్కు," అంది. ఎక్కాను. రెండు నెలలకు అప్పన్న నుంచి కబురు వచ్చింది.

ఇప్పుడు డబ్బాలోని కాగితం సంగతి. అది ఆ రోజు మలాయ్ పేపర్లోని పేజీయే. గెలిచినవాళ్ళ ఫొటోలు వరసగా ఉన్న పేజీ. కాగితం మధ్యలో గుండ్రంగా నూనె మరక, మడతల్లో చేప పొలుసు ఒకటి, అద్దంలా. ఎస్టేటు కొట్లో ఎండుచేపలు పాత పేపర్లలోనే కట్టి ఇచ్చేవారు. పండగ అయిన కొద్దిరోజులకే పొట్లమై మా ఇంటికి వచ్చి ఉంటుంది. ఉత్తమ నటి ఫొటోలో కళ్ళజోడావిడ బహుమతి ఎత్తి పట్టుకుని నవ్వుతోంది. ఆ ముఖం పక్కన కాగితం అంచు కొద్దిగా నల్లబడి ఉంది, బొటనవేలు చాలాసేపు ఆనించినట్టు. అత్తకు ఏ భాషలోనూ ఒక అక్షరం రాదు. నాలుగు భాషలు చదవగలనని విర్రవీగిన నాకు, ఫొటో ఎవరైనా చదవగలరన్న సంగతి తట్టలేదు.

అయితే పంపు దగ్గర సూరమ్మ నోరు మూయించేనాటికి ఆవిడకు తెలుసు. ఏటేటా నాతో చెప్పించుకుని, తప్పుపోతే సర్దినప్పుడూ తెలుసు. బస్సెక్కమన్నప్పుడూ తెలుసు. నేనావిడను కాపాడుతున్నాననుకున్నాను. లైన్లలో చదువుకున్న పిల్ల మాట పోకూడదని ఆవిడ నన్ను కాసింది, చచ్చేదాకా కాసింది. ఇదైనా నా ఊహే. నిజంగా ఎందుకు ఊరుకుందో అడగడానికి ఎవరున్నారు? నాన్న లేడు, సింహాచలం మావయ్య లేడు, సూరమ్మ కూడా పోయింది. లైన్లు కొట్టేసి పామాయిలు చెట్లు వేశారు. అప్పన్నకు ఫోను చేసి చెబితే, "ఏ బహుమతి అప్పా?" అన్నాడు; అక్కను మావాళ్ళు అప్ప అంటారు. వాడప్పుడు చిన్నవాడు, రబ్బరు బంతి ఒక్కటే గుర్తుంది.

డబ్బా వచ్చిన వారానికే టీవీలో చెప్పారు, ఈ ఏడు బహుమతుల పండగలో ఆ పాత నటికి జీవితకాల గౌరవం ఇస్తున్నారని. షామినికి ఫోను చేసి, శనివారం సాయంత్రం రా, కలిసి చూద్దాం, మీ తాత వాళ్ళత్త చేతులు టీవీలో వచ్చిన కథ చెబుతాను అన్నాను. "సెరి పాటీ, వస్తాను లా," అంది. శనివారం ఇద్దరికి సరిపడా వండాను, సొరకాయ పులుసు, వేయించిన నెత్తళ్ళు, నాలుగు బూరెలు. ఏడింటికి ఫోన్లో రెండు ముక్కలు రాసి పంపింది, స్నేహితులతో కలిసి చేయాల్సిన కాలేజీ పని ఉందని, కింద ఏడుస్తున్న బొమ్మ ఒకటి. కోపం రాలేదు. పదిహేడో అంతస్తులో ఉండే ముసలమ్మ దగ్గరికి వచ్చి తెలియని మనిషి చేతుల కథ వినమంటే ఆ వయసులో నేనూ లైబ్రరీకే పోయేదాన్ని.

పండగ అలాగే ఉంది. జరీ బట్టలు, కవర్లు, జోకులు. బొమ్మ మాత్రం గోడంత ఉంది, చీమలు లేవు, నటుల కళ్ళ కింద ముడతలు కూడా లెక్కపెట్టవచ్చు. జోకు చెప్పగానే నేనూ హాల్లోవాళ్ళతోనే నవ్వాను, నా తెలుగు కోసం ఆగి నవ్వేవాళ్ళెవరూ లేరు. గడియారం తొమ్మిదిన్నర దాటింది. పాత అలవాటు, గుండె ఒకసారి ఆగి చూసుకుంది. ఇప్పుడు ఇంజను ఎవరూ ఆపరు. ఆవిడను ఇద్దరు పట్టుకుని మెట్లెక్కించారు. బాగా కుంగిపోయింది. మైకు ముందు నిజంగానే కళ్ళు తుడుచుకుంది. నేను కుర్చీ అంచుకు వచ్చాను. డైరెక్టర్ల పేర్లు చెప్పింది, తల్లి పేరు చెప్పింది, పోయిన భర్త పేరు చెప్పింది, దేవుణ్ణి తలుచుకుంది. తోట మాట రాలేదు. కత్తి మాట రాలేదు. ఎందుకు వస్తుంది? కత్తి పట్టడం నేర్పిన ఆ అక్క పేరు ఆవిడ ఎప్పుడైనా అడిగిందో లేదో కూడా నాకు గుర్తు లేదు. అడిగి ఉంటే మలాయ్‌లో చెప్పాల్సింది నేనే కదా.

తర్వాత పాత నాటకాల ముక్కలు చూపించారు. పెళ్ళికూతురుగా, గుడ్డి తల్లిగా. మూడోది మా తోట. ఆకుల్లోంచి వెలుతురు, చెట్టు, కత్తి, రెండు చేతులు. కత్తి ఒంటిని నిమిరినట్టు బెరడు మీద దిగింది, తెల్లటి గీత ఉబికింది, ఎడమ చెయ్యి కెమెరా వైపు కొద్దిగా తిరిగింది. అక్కడ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒకటి, రెండు, మూడు.

నేను లేచి నిలబడిపోయాను. ముక్క మారిపోయింది, హాల్లో చప్పట్లు మొదలయ్యాయి. పక్కింటి గోడ అవతల కూడా అదే పండగ, అవే చప్పట్లు. నేను టీవీ గొంతు తగ్గించి, కల్వర్టు దగ్గర చెప్పాల్సిన మాట చెప్పాను, పైకే, మా మాటల్లోనే.

"అత్తా, ఆ యేడు నీ సిస్యురాలు గెలవనేదు. ఇయ్యాల ఇచ్చినారు. నీ మాట ఎత్తనేదు. సుక్కలు అగుపడినాయి. మూడూ అగుపడినాయి."